అమ్మిత్ నాలుక మీద పేరు

అట్టపెట్టెలు సోమవారం పొద్దున వచ్చాయి. మార్లిస్ గండర్సన్ తన బల్ల దగ్గర వంగి మొసలి పళ్ళు చెక్కుతుంటే, అచ్చులు పోసే డెల్మర్ ఒక పెట్టె తెచ్చి ఆమె మోచేతి పక్కన పెట్టాడు. పెట్టినవాడు వెంటనే పోలేదు. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. డెల్మర్ అలా నిలబడ్డాడంటే మంచి కబురు కాదని ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమెకు తెలుసు.

పెట్టె అందంగానే ఉంది. నల్లటి అట్ట మీద బంగారు గీతలు. మొసలి తల, సింహం జూలు, నీటిగుర్రం పిరుదులు కలిసిన అమ్మిత్. చచ్చినవాడి గుండెను త్రాసులో వేసి, ఒక ఈకతో తూచి, గుండె బరువు తూగిందా, గుటుక్కున మింగేసే పాత ఈజిప్టు జంతువు. రసీన్ ఊళ్ళో ఈ గ్రే హెరాన్ కంపెనీ దాన్ని ముప్పై ఏళ్ళ కిందట తన ఆటలోకి తెచ్చింది. పాచికలు వేస్తూ, పాత్రలు కట్టి ఆడే ఆట. అందులో వందరకాల జీవాలున్నా జనం వెతికి వెతికి కొనేది, అద్దాల బీరువాల్లో దాచుకునేది ఈ గుండెతినేదాన్నే. చేతి బొటనవేలంత తగరపు బొమ్మ. తగరం పోసి తిప్పి తిప్పి పాత అచ్చు చిరిగిపోతే, ముప్పయ్యో ఏటి ప్రత్యేక బొమ్మకు మళ్ళీ మొదటినుంచి చెక్కమని మార్లిస్‌కే అప్పజెప్పారు. మొదటిదీ ఆమె చెక్కిందే కాబట్టి ఇంకెవరికి అప్పజెబుతారు?

పెట్టె కింది అంచున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "రూపశిల్పి: ట్రెవర్ లిండ్."

మార్లిస్ నుదుటి మీది భూతద్దాన్ని కిందికి దించుకుని మళ్ళీ చదివింది. అద్దంలో ఆ పేరు ఇంకా పెద్దదిగా కనిపించింది.

"అచ్చుతప్పేమో," అన్నాడు డెల్మర్, తనకే నమ్మకం లేని గొంతుతో.

"అచ్చుతప్పంటే అక్షరం పోతుంది డెల్మర్. మనిషికి మనిషే పోతుందా?"

ఆమె పెట్టె పట్టుకుని ట్రెవర్ గదికి వెళ్ళింది. ట్రెవర్ బొమ్మల విభాగానికి పెద్ద. నలభై దాటినా ఇంకా కుర్రాడి మొహం, మెత్తటి మాట. అరిచే మనిషైతే తిరిగి అరవచ్చు. ట్రెవర్‌తో ఆ వీలు లేదు.

"ఆఫీసువాళ్ళ పొరపాటు మార్లిస్. నేనూ చూసుకోలేదు. ఐదువేల పెట్టెలు అచ్చయిపోయాయి, ఇప్పుడేం చేస్తాం చెప్పు. అయినా నువ్వు చేశావని అందరికీ తెలుసుగా."

"ఎవరికి తెలుసు?"

"మనవాళ్ళకి."

"పెట్టె కొనేది మనవాళ్ళా?"

ట్రెవర్ పెన్నును బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. "వచ్చేసారి అచ్చులో తప్పకుండా సరిచేయిస్తాను. ఇంకొకటి... ఏమనుకోకు. కొత్త బొమ్మ మీద సంతకం వద్దు. పెట్టె మీద ఒక పేరు, బొమ్మ మీద ఇంకో పేరు ఉంటే బాగుండదు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. బొమ్మలు చెక్కేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. రంగులు వేసేవాడి కుంచె దూరనిచోట, అరికాలి కిందో, తోక మడతలోనో, తెరిచిన నోటిలోనో తమ పేరు గీస్తారు. కొన్నవాళ్ళు టార్చీ వేసి అది దొరికేదాకా నిద్రపోరు. పాత యజమాని రోజుల్లో సంతకాలు నిషేధం, అందుకే పాత అమ్మిత్ మీద ఎక్కడా పేరు లేదు. కొత్తవాళ్ళు ఈ ఏడే ఒప్పుకున్నారు. మార్లిస్ కళ్ళకు చూపు తగ్గిపోతోంది, ఇదే తన చివరి బొమ్మ. ఒక్క సంతకం పెట్టుకుని లేచి వెళ్ళిపోదామనుకుంది.

ట్రెవర్ బల్ల మీద ఆటలవాళ్ళ పత్రిక తెరిచి ఉంది. అందులో అతని ఫొటో, పక్కన అతని మాటలు. "చలికాలంలో మూడు ఆదివారాలు మిల్వాకీ జూకి వెళ్ళి నీటిగుర్రం ముందు నిలబడ్డాను. ఆ కంపు భరించలేక అందరూ ముక్కు మూసుకుని పోతుంటే కాపలాదారు నన్ను చూసి, మళ్ళీ వచ్చావా, దీన్ని పెళ్ళాడతావా ఏమిటి అన్నాడు. మూడో ఆదివారం అది నావైపు తిరిగి నోరు తెరిచింది. ఆ నోరే అమ్మిత్ నోరు."

మార్లిస్ పత్రిక మూసేసి బయటికి వచ్చింది. పేరు పోతే పోయింది, అది అట్ట మీది సిరా. ఆ మూడు ఆదివారాలు ఆమెవి. చేతితొడుగులు విప్పి, వేళ్ళు కొయ్యబారుతుంటే గీసిన గీతలు ఆమెవి. కాపలాదారు వేళాకోళం ఆమెను చేసిందే. ఏదో మధ్యాహ్నం సాసేజ్ ముక్క నములుతూ ట్రెవర్‌కు నవ్వుతూ చెప్పింది, అతను మాటకు మాట దాచుకున్నాడు. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే.

*

మంగళవారం ఆమె అందరికన్నా ముందు వచ్చింది. ఆరితే రాయిలా గట్టిపడే పచ్చముద్దతోనే బొమ్మలు చెక్కుతారు; దానికోసం పసుపు, నీలం పట్టీలు రెండూ సమంగా కోసి, వేళ్ళు తడిచేసుకుని, రెండు రంగులూ కలిసి ఆకుపచ్చ అయ్యేదాకా పిసికింది. బొమ్మ దాదాపు అయిపోయింది, కింది దవడ ఒక్కటే మిగిలింది. నోరు అంత లోతుగా ఉంటే అచ్చులోంచి ఊడి రాదు కాబట్టి దవడను విడిగా చేసి తర్వాత అతికిస్తారు. గోరంత దవడ, దానిలో బియ్యపుగింజకన్నా కొంచెం పెద్ద నాలుక. పెన్సిల్ చెక్కలో గుచ్చిన సూదితో నాలుక మీద గరుకు తేల్చి, గట్టిపడేదాకా దీపం కింద పెట్టింది.

రెండు గంటలు ఆమె ఆ నాలుకనే చూస్తూ కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. సరస్సు మీదినుంచి వచ్చే గాలికి కిటికీ రెక్క టకటకమంటోంది.

గట్టిపడ్డాక భూతద్దం దించుకుని, ఊపిరి బిగబట్టి, సూదిమొనతో నాలుక మీద లోతుగా నాలుగు అక్షరాలు చెక్కింది. ఇంగ్లీషులో నాలుగే. LIND.

ఆమె చెయ్యి ఈ మధ్య వణుకుతోంది. ఆ నాలుగు అక్షరాలకు మాత్రం వణకలేదు.

"తినవే తల్లీ," అంది లోగొంతుకతో. "కడుపునిండా తిను. ఐదువేల నోళ్ళతో నములు. నీకు తూచే పని కూడా లేదు, వాడి గుండె ఎంత బరువో నేను తూచాను."

ఆ మాట అన్నాక ఆమెకు ప్రాణం హాయిగా అనిపించింది. ఇలాంటి హాయి తనకు పడుతుందని అరవైరెండేళ్ళలో ఆమె ఎన్నడూ అనుకోలేదు. మధ్యాహ్నం ట్రెవర్ ఎదురుపడి, "ఎలా వస్తోంది?" అని అడిగితే, "నోరు బాగా కుదిరింది," అని నవ్వింది కూడా.

బుధవారం డెల్మర్ గుండ్రటి రబ్బరు బిళ్ళలు రెండూ బల్ల మీద పరిచి, పాలపిండిలా తెల్లటి పొడి చల్లాడు. బొమ్మ ముక్కల్ని ఒక్కొక్కటే కింది బిళ్ళలో నొక్కుతూ, "సంతకం పెట్టావా?" అని అడిగాడు.

"వద్దన్నారుగా."

"వద్దంటే మానేసే మనిషివేనా నువ్వు?" అని చెయ్యి చాపాడు. "దవడ ఇలా ఇయ్యి."

"నేను పెడతాలే," అని ఆమె నాలుక కిందికి తిరగేసి తన వేలితోనే రబ్బరులోకి దిగనొక్కింది. పై బిళ్ళ మూశాడు. యంత్రం పళ్ళు బిగించి, వేడిమీట దించాడు. గంటన్నర ఉడికితే రబ్బరు గట్టిపడి అచ్చు అవుతుంది. లోపలున్న పచ్చబొమ్మ ఆ వేడికి, ఒత్తిడికి నుజ్జయిపోతుంది. నాలుగు నెలల పని, తెరిచి చూసేసరికి చెమ్చాడు పచ్చటి పొడి. ప్రతిసారీ ఆ పొడిని చూసి మార్లిస్ మొహం తిప్పుకునేది. ఈసారి నిలబడి చూసింది.

డెల్మర్ కరిగిన తగరాన్ని తిరుగుతున్న అచ్చు మధ్యలోకి పోశాడు. గురువారం పొద్దుటికి నలభై బొమ్మలయ్యాయి. శనివారం మిల్వాకీలో ఆటల సంత, అక్కడ ముందుగా ఈ నలభై అమ్ముతారు. సోమవారం ఇదే అచ్చునుంచి ఇంకొన్ని పోసి, వాటితో పెద్ద అచ్చులు కట్టి ఐదువేలు పోస్తారు.

ట్రెవర్ వచ్చి ఒక బొమ్మ తీసుకున్నాడు. దవడ అతికించి ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి జూలు చూశాడు, పంజాలు చూశాడు, తిరగేసి అరికాళ్ళు చూశాడు. మార్లిస్ తన బల్ల దగ్గరినుంచి తల ఎత్తకుండా చూస్తోంది. అతను జేబులోంచి పెన్నంత టార్చీ తీసి బొమ్మ నోట్లోకి వేశాడు.

చాలాసేపు వేశాడు. టార్చీ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మొహంలో రక్తం చుక్క లేదు. ఒకసారి మార్లిస్‌వైపు చూశాడు. ఆ బొమ్మను చొక్కా జేబులో వేసుకుని గదిలోంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి అతని కారు బయలుదేరిన చప్పుడైంది.

కరిచింది. మార్లిస్‌కు లోపల పండగైంది. ఇప్పుడు అరవనీ, కంపెనీవాళ్ళకు చెప్పనీ, ఉద్యోగం పీకించనీ. ఎలాగూ పోతున్న కళ్ళు, ఎలాగూ పోతున్న ఉద్యోగం. ఆ మొహంలో రక్తం ఇంకిపోవడం చూసింది, అది చాలు. ఇంటికి వెళ్ళి ఒక గ్లాసు బ్రాందీ పోసుకుని, ఎవరూ లేని వంటగదిలో గ్లాసు పైకెత్తి మరీ తాగింది.

శుక్రవారం ట్రెవర్ ఆఫీసుకే రాలేదు. మధ్యాహ్నం వేయించిన చేపలు తిందామని డెల్మర్ ఆమెను పక్క వీధి హోటలుకు తీసుకెళ్ళాడు. నిమ్మకాయ పిండుతూ, ఉన్నట్టుండి అన్నాడు.

"నువ్వు మనిషివి కాదు మార్లిస్, దేవతవి."

"ఏం పొగుడుతున్నావు? బిల్లు నన్ను కట్టమంటావా?"

"దవడలు అతికించింది నేనేగా, నలభయ్యీ చూశాను. వాడు నీకు చేసిన పనికి నేనైతే వాడి పేరు పాయిఖానా గోడ మీద రాసేవాణ్ణి. నువ్వేమో నీ చివరి బొమ్మలో వాడి సంతకం పెట్టావు."

మార్లిస్ చేతిలో ముల్లుచెమ్చా ఆగిపోయింది. "సంతకమా?"

"నోట్లో పేరుంటే మరేమిటి?"

"అది దేని నోరో చూశావా డెల్మర్?"

"నోరు నోరే. బయటి కంపెనీల బొమ్మల్లో సగం నోళ్ళలోనే ఉంటాయి పేర్లు. రేపు సంతలో చూడు, కొన్నవాళ్ళంతా టార్చీలు వేసి ఆహా ఓహో అంటారు. ఇక పెట్టె చూసి అనుమానపడేవాడు కూడా ఉండడు. వాడికి రిజిస్ట్రీ చేసి ఇచ్చేశావు, పో."

వీధిలో పోయేవాణ్ణి ఎవణ్ణి అడిగినా చెబుతాడు, గుండెలు తినేదాని నోట్లో పేరు రాస్తే అది శాపమని. బొమ్మలవాళ్ళకు మాత్రం పేరు కనబడితే సంతకమే కనబడుతుంది. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసిన మార్లిస్‌కు ఆ సంగతి తట్టకపోవడం చూడండి! పగ పట్టినవాళ్ళకు తమ పగ తప్ప ఇంకేమీ కనబడదు. శాపం అనుకుని సాక్ష్యం చెక్కి, దొంగ చేతికి తనే అందించింది.

"ఆ నలభై ఎక్కడున్నాయి?"

"పొద్దున్నే వ్యానులో వెళ్ళిపోయాయి. తిను, చేప చల్లారిపోతోంది."

ఆమె తినలేదు.

*

శనివారం మిల్వాకీలో మంచూ వానా కలిసి పడుతున్నాయి. సంత జరిగే హాలులో కాలు పెట్టే చోటు లేదు. గ్రే హెరాన్ బల్ల ముందు వరస హాలు చివరిదాకా ఉంది. నలభై బొమ్మలూ మొదటి గంటలోనే అయిపోయాయి. కొన్నవాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడి బొమ్మల నోళ్ళలోకి టార్చీలు వేస్తున్నారు. "ఉంది, ఉంది, నాలుక మీద!" అని ఎవరో కేక పెట్టారు. "లిండ్ అని ఉంది!" మార్లిస్ ఆ కేక విని పళ్ళు కొరికింది.

రెండింటికి ట్రెవర్ వేదిక మీద మాట్లాడతాడు. తర్వాత ప్రశ్నలు. ప్రశ్నల మైకు ముందు మార్లిస్ రెండో మనిషిగా నిలబడింది. చెప్పవలసిన మాటలు రాత్రంతా కూడబలుక్కుంది. అది సంతకం కాదు, శాపం. వీడు దొంగ. బొమ్మ నాది, జూ నాది, నీటిగుర్రం కూడా నాదే. నలుగురిలో నవ్వులపాలైనా సరే, అతని పరువు తీయకుండా ఇంటికి వెళ్ళకూడదు.

ట్రెవర్ వేదిక మీదికి వచ్చాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. మైకు దగ్గర మొదటి మనిషి ఒక లావుపాటి ముసలాయన, మెడలో తగరపు అమ్మిత్‌ను తాడుకు కట్టుకున్నాడు. పాతది, ముప్పై ఏళ్ళనాటిది.

"అయ్యా ట్రెవర్, మా మనవరాలు ఆ జూ కథ పత్రికలో చదివి పడీపడీ నవ్వింది. మీ నోటితో ఇంకోసారి చెప్పండి."

హాలంతా నవ్వింది. ట్రెవర్ నవ్వలేదు. మైకు సరిచేసుకున్నాడు. మళ్ళీ సరిచేసుకున్నాడు.

"ఆ జూకి నేనెప్పుడూ వెళ్ళలేదండీ," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"వెళ్ళింది మార్లిస్ గండర్సన్. అదిగో, మీ వెనకే నిలబడి ఉంది. పాత అమ్మిత్ ఆమె చేసిందే, కొత్తదీ ఆమె చేసిందే. పెట్టె మీద నా పేరు పొరపాటున పడలేదు. చిత్తుప్రతి నా బల్ల మీదికే వచ్చింది, చూశాను, ఊరుకున్నాను. పైగా బొమ్మ మీద ఆమెను సంతకం కూడా పెట్టొద్దన్నాను." చొక్కా జేబులోంచి బొమ్మ తీసి ఎత్తి చూపించాడు. "ఆమె ఏం చేసిందో చూశారా? తన పేరు ఉండాల్సిన చోట నా పేరు చెక్కింది. ఒక్కమాట అనలేదు. నన్ను తిట్టి ఉంటే ఈ పాటికి సర్దుకునేవాణ్ణి. దీనికి మాత్రం తట్టుకోలేకపోయాను. నిన్నంతా ఇంట్లో అన్నం సయించలేదు. మార్లిస్, నన్ను క్షమించు."

ముసలాయన వెనక్కి తిరిగి మార్లిస్‌ను చూసి టోపీ తీశాడు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో ఆమెను ముందుకు తోశారు, మైకు ఆమె మూతి ముందుకు వచ్చింది. వందల మొహాలు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు నాలుక చివరే ఉన్నాయి.

"నీటిగుర్రం కంపు మాత్రం..." అంది చివరికి, "ఈయన చెప్పినదానికన్నా ఎక్కువే."

హాలు ఘొల్లుమంది. ఆమెకు ఏడుపొచ్చింది, దాన్ని అందరూ సంతోషమనుకున్నారు.

తర్వాత ట్రెవర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పెట్టెలన్నిటి మీదా నీ పేరుతో చీటీ అతికిస్తున్నారు. కంపెనీతో మాట్లాడాను." చొక్కా ఎడమ జేబు తట్టి చూపించాడు, అక్కడ బొమ్మ ఉబ్బెత్తుగా ఉంది. "ఇది మాత్రం నేనే ఉంచుకుంటాను. ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. నా మీద ఇంత దయ చూపినవాళ్ళు ఇంకెవరూ లేరు మార్లిస్."

ఆ జేబు సరిగ్గా గుండె మీద ఉంది. లోపల నోరు తెరుచుకుని అమ్మిత్, దాని నాలుక మీద అతని పేరు. చెప్పాలని నోరు తెరిచింది. అతని మొహం చూసి మూసుకుంది. ఇప్పుడు నిజం చెబితే, తను గెలుచుకున్నదంతా అబద్ధం మీద గెలిచిందని తేలుతుంది. చెప్పకపోతే ఆ అబద్ధం ఇక తనది.

*

సోమవారం పొద్దున డెల్మర్ అచ్చు తెరిచి, కింది బిళ్ళను ఆమె ముందు పెట్టాడు. బొమ్మ మీద గుంటగా ఉన్న అక్షరాలు రబ్బరులో ఉబ్బెత్తుగా, తిరగబడి ఉన్నాయి. వెంట్రుకంత మందం. బ్లేడుతో ఒక్క గీటు గీస్తే ఎగిరిపోతాయి.

"తీసెయ్యి, తీసెయ్యి," అన్నాడు డెల్మర్ హుషారుగా. "తీసేసి నీ పేరు చెక్కుకో. ఇప్పుడు వద్దనేవాడెవడు? తిరగేసి చెక్కాలి సుమా, మర్చిపోకు."

ఆమె భూతద్దం దించుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నే కోసింది. నాలుక నున్నగా అయింది. బ్లేడు మొన అక్కడే కాసేపు ఆగింది.

"చెక్కు మరి," అన్నాడు డెల్మర్.

"ఆ నోట్లో వద్దు."

"ఎందుకని?"

"వద్దన్నానుగా. అరికాలి కింద పెడతాలే."

తలుపు అద్దం అవతల ట్రెవర్ వెళుతున్నాడు. ఆగి, ఆమెను చూసి చిన్నపిల్లాడిలా నవ్వి, ఎడమ జేబు మీద రెండుసార్లు తట్టి చూపించాడు. మార్లిస్ చెయ్యెత్తింది. ఎత్తిన చూపుడువేలి కొసన నాలుగు నల్లటి రబ్బరు తునకలు అంటుకుని ఉన్నాయి. అతను వెళ్ళిపోయినా, వాటిని ఎక్కడ పారేయాలో ఆమెకు తోచలేదు.